కూచిపూడిలో సీజరు

సీజర్‌ని చూడటానికి కూచిపూడి వెళ్లొచ్చానని చెబితే మా కాలేజీ స్టాఫ్‌రూములో ఒక్కరూ నమ్మలేదు. "రోముకు పోవాల గదా మేడం" అన్నారు. రోము వెళ్లడానికి నాకు సెలవులూ లేవు, డబ్బులూ లేవు. కృష్ణా జిల్లాకైతే రెండూ సరిపోయాయి. వెళ్లొచ్చాక ఇప్పుడనిపిస్తోంది, రోము వెళ్లినా ఇంత దగ్గరగా చూసి ఉండేదాన్ని కాదని.

నేను అనంతపురంలో చరిత్ర పాఠాలు చెబుతాను. గ్రీకుల్లో ఒకణ్ణి, రోమన్లలో ఒకణ్ణి తీసుకుని, ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, ఎవరి గుణం ఎలాంటిదో పోల్చి చెప్పడం నాకు మహా సరదా. అలెగ్జాండర్ తాగిన కోపంలో ప్రాణస్నేహితుణ్ణి ఈటెతో పొడిచి చంపి, తర్వాత వెక్కి వెక్కి ఏడ్చాడు. సీజర్ శత్రువుల్ని పిలిచి క్షమించాడు, ఆ క్షమించినవాళ్లలోనే కొందరు ఆయన్ని పొడిచి చంపారు. ఇద్దరిలో ఎవరు మంచివాడని పిల్లల్ని అడిగి, వాళ్లు కొట్టుకుంటుంటే నేను కూర్చుని చూస్తాను. కరోనా రోజుల్లో ఆ పాఠాల్ని ఫోనులో రికార్డు చేసి పెట్టాను. పిల్లలు విన్నారో లేదో దేవుడికే తెలియాలి. విజయవాడలో కరీముల్లా గారనే టైలరు మాత్రం అన్నీ విన్నారు.

ఆయన నాట్యం వేషాలకు బట్టలు కుడతారు. ఒకరోజు ఫోన్ చేసి, "మేడం గారూ, మీ అలెగ్జాండర్‌నీ సీజర్‌నీ కూచిపూడి వేషాల్లో దింపుతున్నామండీ. ఆట నేనే రాశాను. మీరొచ్చి చూసి, తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పాలి" అన్నారు. నాకు మొహమాటం ఎక్కువ లేదని నా పాఠాలు విన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. డిసెంబరు సెలవుల్లో బయల్దేరాను.

భవానీపురం

తెల్లవారుజామున రైలు కృష్ణ మీద వంతెన ఎక్కింది. మంచులో అవతలి గట్టు కనిపించలేదు, కనుచూపు మేరంతా నీళ్లే. మా వైపు ట్యాంకరు రాకపోతే వీధివీధంతా రోడ్డు మీదకొస్తుంది. అలాంటి ఊరి నుంచి వచ్చినదాన్ని, నోరు తెరుచుకుని కిటికీకి అతుక్కుపోయాను. పెట్టెలో ఇంకెవరూ తల కూడా తిప్పలేదు. ఎదుటి సీట్లో ఆవిడ కాసేపు చూసి, "ఏవైనా పడేసుకున్నారా అండీ?" అని అడిగింది. లేదండీ, నది చూస్తున్నానన్నాను. ఆవిడకి నా మీద జాలి కలిగినట్టుంది, ఒక జామకాయ ఇచ్చింది.

కరీముల్లా గారిల్లు నదికి దగ్గర్లో సన్న సందులో ఉంది. ముందు గదిలో మిషను, దాని చుట్టూ దండేల మీద జరీ అంచుల రాణులు తలల్లేకుండా వేలాడుతున్నారు. ఆయన భార్య ముంతాజ్ గారు నన్ను కూర్చోబెట్టి ఇడ్లీ, అల్లం పచ్చడి పెట్టారు. అనంతపురంలో కారం అంటే మేమే అనుకునేవాళ్లం. ఆ అల్లం పచ్చడి రెండో ముద్దకే నా గర్వం దిగిపోయింది. మంచినీళ్లు అడగబోతే ఆవిడ అప్పటికే గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు.

తింటుండగా కరీముల్లా గారు అసలు సంగతి చెప్పారు. సీజర్ వేషం కట్టేది నరసింహం గారని, కూచిపూడి ఆయన. వయసు అరవై నాలుగు. చిన్నప్పుడు గురువుగారు ఆయన కళ్లు చూసి ఆడవేషం ఇచ్చారు. అంతే, అప్పట్నించీ రాణులు, దేవకన్యలు తప్ప ఒక్క మగవేషం కట్టలేదు. మగవేషం అడిగినప్పుడల్లా మేళంలో వాళ్లు, నీకెందుకయ్యా అది, బంగారం లాంటి ఆడవేషం పెట్టుకుని, అన్నారట.

"ఆయనకి చాలా ఏళ్లుగా జాకెట్లు కుట్టేది నేనేనండీ" అన్నారు కరీముల్లా గారు. "ఆమధ్య కొలతలు తీస్తుంటే పక్కన ఫోనులో మీ పాఠం నడుస్తోంది. సీజరు అలెగ్జాండర్ బొమ్మ ముందు నిలబడి ఏడుస్తాడు చూశారూ, ఈ వయసుకి ఇతను లోకమంతా గెలిచాడు, నేనింకా ఏమీ చెయ్యలేదే అని. అది వినగానే నరసింహం గారు చేతులు దించేశారు. ఈ వేషం ఎవరికిస్తున్నావు కరీమూ అన్నారు. ఇంకా అనుకోలేదండీ అన్నా. నాకు కుట్టు అన్నారు."

ఆయన మోకాళ్లు అరిగిపోయాయట. డాక్టరు మెట్లెక్కవద్దన్నాడట. ఇదే తన ఆఖరి గజ్జె అని ఊళ్లో అందరికీ చెప్పేశారట. నా చేతిలో ఇడ్లీ ముక్క అలాగే ఉండిపోయింది. సీజర్ కన్నీళ్ల గురించి ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నాను, నా క్లాసులో ఎవరూ చేతులు దించలేదు.

కొండపల్లి

మర్నాడు సీజర్ తలమీది ఆకుల దండ తీసుకురావడానికి ముగ్గురం బస్సెక్కి కొండపల్లి వెళ్లాం. కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు ఆకాశంలోకి పొగ వదులుతుంటే, వాటికింకాస్త అవతల ఒక వీధిలో మనుషులు అరుగుల మీద కూర్చుని ఏనుగుల్ని చెక్కుతున్నారు. కూచిపూడి కిరీటాలు, భుజకీర్తులు తేలిక కొయ్యతో చేయించడం పాత పద్ధతి. అందుకే కరీముల్లా గారు ఇక్కడ చలపతి గారనే బొమ్మల పనాయనకి ముందే చెప్పి ఉంచారు.

చలపతి గారు పొణికి కొయ్య ముక్కొకటి నా చేతిలో పెట్టారు. అరచేతిలో ఏమైనా ఉందా లేదా అనిపించేంత తేలిక. చేతులు వేరుగా, తల వేరుగా చెక్కి, చింతగింజల పిండీ రంపప్పొట్టూ కలిపిన ముద్దతో అతికిస్తారు. అతుకు ఎక్కడో కనిపెట్టమన్నారు. కళ్లద్దాలు పెట్టుకుని వెతికాను, దొరకలేదు. వాళ్లావిడ సన్న కుంచెతో ఒక్క విసురులో ఒక కన్ను గీశారు. కొయ్య నన్ను చూడటం మొదలుపెట్టింది. ఆవిడ ఏమీ జరగనట్టు కుంచె కడుక్కోవడానికి లేచారు.

ఆ తర్వాత దండ బయటికి తీశారు. బంగారు రంగు వేసి మెరిసిపోతోంది. ఎంత బాగుందో, అంత తప్పుగా ఉంది. ఆకులన్నీ పొడుగ్గా, మొనదేలి, వరసగా వంగి ఉన్నాయి.

"ఇవి మావిడాకులు కదండీ" అన్నాను.

"తలకి శుభంగా కట్టుకునే ఆకులన్నారు కదండీ. ఇంకేం ఆకులుంటాయి?" అన్నారు చలపతి గారు.

రోమన్లది లారెల్ అని వేరే ఆకు, బిర్యానీలో వేసే ఆకుకి దాయాది లాంటిదని చెప్పాను. ముంతాజ్ గారికి నవ్వాగలేదు. "బిర్యానీ ఆకు తల మీద పెట్టుకుంటారా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మార్చడానికి టైము లేదు. పోనీలెమ్మన్నాను. మామిడి తోరణం తలకి చుట్టుకున్న సీజర్‌ని లోకంలో ఇంకెవరూ చూసి ఉండరు.

నాకోసం ఆయన ఒక అలెగ్జాండర్ బొమ్మ కూడా చేసి ఉంచారు. గుర్రం అద్భుతంగా ఉంది. గుర్రం మీద ఆయనకి మాత్రం చెవుల దాకా మీసాలు. అలెగ్జాండర్ మీసం, గడ్డం నున్నగా గీయించుకునేవాడని, పట్టుకుని లాగుతారని సైనికులకీ గడ్డాలు తీయించాడని చెప్పాను. చలపతి గారు బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశారు. "మీసం లేని రాజుని మా వీధిలో ఎవరూ చెయ్యలేదండీ. చేసినా ఎవరు కొంటారు?" అన్నారు. మీసాలతోనే కొనుక్కొచ్చాను. ఇప్పుడు మా ఇంట్లో టీవీ పక్కన ఉన్నాడు.

బందరు కాలవ పక్కన

మూడోరోజు కూచిపూడి బస్సు. ముంతాజ్ గారికి ఇంట్లో పనుంది, రాలేదు. కరీముల్లా గారు మూటలతో వెనక సీట్లో, నేను దండ ఉన్న అట్టపెట్టెతో ముందు సీట్లో. కాలవ ఒకసారి రోడ్డుకి ఇటువైపు, ఒకసారి అటువైపు. నీళ్లు ఇంత నింపాదిగా, ఎవరూ కాపలా లేకుండా పోతుంటే నాకు మనసు ఆగలేదు, ఎవరైనా కుళాయి కట్టెయ్యరేం అనిపించింది.

కంకిపాడు దాటాక చేలన్నీ పచ్చబంగారం. వరి ఇంకా నిలబడే ఉంది, కింద మాత్రం లేత మొలకలు కనిపించాయి. ఏమిటవి అని పక్క సీటావిణ్ణి అడిగాను. మినుములట. వరి కోయకముందే దాని కాళ్ల దగ్గర చల్లేస్తారట, కోత అయ్యేసరికి అవి తలెత్తుతాయట. మా వైపు ఒక పంట ఇంటికొస్తే పండగ. ఇక్కడ ఒక పంట నిలబడి ఉండగానే రెండోది పుడుతోంది. ఆ చేల నుంచి కళ్లు తిప్పుకోలేకపోయాను.

పక్క సీటావిడ ఎండురొయ్యలు అమ్ముతుందట, బందరు మనిషి. గంప మా ఇద్దరి మధ్య పెట్టింది. "ఆ పెట్టెలో ఏవుందమ్మా, అంత జాగ్రత్తగా పట్టుకున్నావు?" అని అడిగింది.

"సీజరని రోములో ఒకాయన. ఆయన తలకి పెట్టేది."

"రాజుగారా?"

"రాజు కాదమ్మా. రాజవుదామనుకుంటున్నాడని చంపేశారు."

"అనుకున్నందుకేనా?" అని గంప సర్దుకుంది. "అవ్వకముందే చంపారంటే, బాగా పనిచేసేవాడే అయ్యుంటాడు" అంది. ఉయ్యూరు దగ్గర చెరుకు వాసన బస్సంతా కమ్ముకుంది. పామర్రులో ఆవిడ దిగిపోయింది. అట్టపెట్టె మూత తీసి చూస్తే దండకి బంగారం అలాగే ఉంది గానీ, గుప్పుమని ఎండురొయ్యల కంపు. కరీముల్లా గారు మూటలో అత్తరు సీసా వెతికి నాలుగు చుక్కలు వేశారు. దాంతో అది ఇంకా పాడైంది.

కూచిపూడి, మధ్యాహ్నం

నరసింహం గారు సన్నగా, పొడుగ్గా ఉన్నారు. నమస్కారం పెడితే ఆ చేతులు దగ్గరకొచ్చిన తీరే చూస్తూ ఉండిపోయాను. భోజనం వాళ్లింట్లోనే: ముద్దపప్పు, గోంగూర, గడ్డపెరుగు. వద్దంటున్నా వాళ్లావిడ వడ్డిస్తూనే ఉన్నారు. ఇక్కడ వద్దనడం మర్యాద, వడ్డించడం అంతకంటే పెద్ద మర్యాదని నాకు రెండోసారి పప్పు పడ్డాక అర్థమైంది.

ఆ సాయంత్రమే ఆట. మధ్యాహ్నం ఆఖరి రిహార్సలు, వాళ్ల వీధిలోనే ఒక రేకుల షెడ్డులో. అలెగ్జాండర్ వేషం దేవికది, బందరు దగ్గర చేపలు పట్టే ఊరి పిల్ల, ఇప్పుడు డాన్సు టీచరు. అలెగ్జాండర్ మెడ కాస్త ఎడమకి వాల్చి ఉంచేవాడని నా పాఠంలో ఎక్కడో చెప్పాను. ఆ అమ్మాయి మెడ వాల్చి నాలుగడుగులు వేసేసరికి షెడ్డు చిన్నదైపోయింది. ఆ నడక ఎక్కణ్ణించి పట్టావమ్మా అంటే, "మా నాన్న పడవ ఒడ్డుకి లాగేటప్పుడు చూశానండీ" అంది.

తర్వాత సీజర్. కూచిపూడిలో ప్రతి పాత్రా తెర చాటు నుంచి వచ్చి, నేను ఫలానా, నా గుణం ఇదీ అని తనే పాడుతూ ఆడి చెప్పుకోవాలి. ప్రవేశ దరువు అంటారు. నరసింహం గారు తెర దాటి వచ్చారు. "రోము నాది" అని పాట. నడుం మాత్రం మహారాణిది. కూర్చోబోతూ చెయ్యి తనంతట తనే కిందికి వెళ్లి, లేని కుచ్చిళ్లు సర్దింది. బొమ్మ ముందు ఏడ్చే ఘట్టంలో లేని కొంగుతో కళ్లొత్తుకున్నారు. కరీముల్లా గారు తల దించుకున్నారు.

గోడ పక్కన కుర్చీలో భద్రయ్య గారని ఒక పెద్దాయన, గడ్డం కింద కర్ర ఆనించుకుని చూస్తున్నారు. పూర్వం ఈ ఇద్దరూ జంట. ఈయన రాజైతే నరసింహం గారు రాణి. "ఎన్నిసార్లు చెప్పాను, మగవేషం ఎముకలో ఉండాలి. నీకు లేదు. ఇంత పేరు తెచ్చుకుని, ఆఖర్న ఎందుకు పాడుచేసుకుంటావు?" అన్నారు. తిట్టినట్టుగా అనలేదు, బాధతోనే అన్నారు.

ఆయన వెళ్లాక నరసింహం గారు స్తంభానికి ఆనుకుని కూలబడ్డారు. కాళ్లు చాపుకుని మోకాళ్లు రుద్దుకుంటూ, "సాయంత్రం ఊరు ఊరంతా వస్తుందమ్మా. నవ్వుతారు. సీజర్‌ని చూసి నవ్వితే నాకు బాధ లేదు. ఇన్నాళ్లూ వేషం కట్టాడనుకున్నాం, అది వేషం కాదు, వీడి తత్వమే అంత అంటారు. నా విద్యంతా అబద్ధమైపోతుంది" అన్నారు.

నాట్యం గురించి నాకు ఓనమాలు తెలియవు. తెలిసిందల్లా సీజర్ గురించే, అదే చెప్పాను. ఆయనకి సోకు ఎక్కువండీ, అన్నాను. ఉన్న నాలుగు వెంట్రుకలూ ముందుకి దువ్వుకునేవాడు. జుట్టు చెదురుతుందని ఒక్క వేలితో తల గోక్కునేవాడు. నడికట్టు వదులుగా కట్టేవాడు, అది చూసి పెద్దలు ఎగతాళి చేసేవారు. చంపడానికొచ్చినవాళ్లు చుట్టుముట్టి పొడుస్తుంటే, ఇక లాభం లేదని తెలిసి, వస్త్రంతో ముఖం కప్పుకున్నాడు. ఇంకో చేత్తో అంచు పాదాల దాకా లాక్కున్నాడు, పడ్డాక కాళ్లు కనబడకూడదని.

నరసింహం గారు రుద్దుకోవడం ఆపేశారు. "చచ్చేటప్పుడా?"

"చచ్చేటప్పుడేనండీ."

ఆయన తన రెండు చేతుల వంకా చూసుకున్నారు. తర్వాత, "ఏ చేత్తో లాక్కున్నాడమ్మా?" అని అడిగారు.

"ఎడమ చేత్తో అని రాశారండీ."

లేచి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్లిపోయారు. ఇంక రిహార్సలు చెయ్యలేదు.

సాయంత్రం

దీపాలు పెట్టే వేళకి షెడ్డు నిండిపోయింది. జనం చేటల్లో మరమరాలు తెచ్చుకున్నారు. భద్రయ్య గారు ముందు వరసలో, అదే కుర్చీలో. ఇద్దరు తెర పట్టుకున్నారు. దేవిక అలెగ్జాండర్‌గా వచ్చి, గెలిచి, స్నేహితుణ్ణి చంపి, ఏడ్చి, జ్వరంతో పోయి, పీట మీద విగ్రహమై నిలబడింది. ఆట అయ్యేవరకూ ఆ పిల్ల కన్ను ఆర్పడం నేను చూడలేదు.

అప్పుడు తెర మీద ఒక చెయ్యి కనిపించింది. తెర మెల్లగా దిగింది. మామిడాకుల దండ పెట్టుకుని సీజర్ నిలబడి ఉన్నాడు. అడుగు వెయ్యలేదు. ఒక్క వేలు ఎత్తి, దండ కదలకుండా, తల గోక్కున్నాడు.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. సీజర్ ఆ వైపు చూశాడు. అంతే, చూశాడు. నవ్వినాయన సర్దుకుని కూర్చున్నాడు. నడక మధ్యాహ్నం నడకే, ఇసుమంత కూడా మారలేదు. నడుం అలాగే ఊగింది. కానీ ఇప్పుడది, లోకమంతా తనని చూస్తోందని తెలిసి, ఆ చూపులన్నిటినీ లెక్కచెయ్యకుండా నడిచే మనిషి నడక. ఇన్నేళ్లు పుస్తకాల్లో వెతికిన మనిషి ఎండురొయ్యల వాసనతో నా ముందు నుంచి నడిచి వెళ్లాడు. నేను చెప్పిన పాఠాలన్నీ మర్చిపోయి నోరెళ్లబెట్టాను.

విగ్రహం ముందు మోకరిల్లాడు. ఏడవలేదు. విగ్రహం పాదాల్ని చూస్తూ ఉండిపోయాడు. లేవబోతే మోకాళ్లు సహకరించలేదు. రెండోసారీ లేవలేకపోయాడు. అప్పుడు అలెగ్జాండర్ పాదమే పట్టుకుని, దాని ఆధారంగా లేచాడు. నా పక్కన కూర్చున్న ముసలావిడ "అయ్యో నాయనా" అంది. ఆవిడకి అది ఆటలో భాగమే. అది మోకాళ్ల నొప్పి అని తెలిసిన నాకూ, ఆ క్షణంలో ఆటలో భాగమే.

చివరికి కత్తులు వచ్చాయి. అసలు చరిత్రలో సీజర్ పడింది పాంపే అనే సేనాపతి విగ్రహం దగ్గర. వీళ్ల దగ్గర ఒక్క విగ్రహమే ఉంది కాబట్టి అలెగ్జాండర్ దగ్గరే పడాలి. వస్త్రం ముఖం మీదికి వెళ్లింది. ఎడమ చెయ్యి కిందికి దిగింది. అదే చెయ్యి, అదే కుచ్చిళ్లు సర్దే చెయ్యి, ఏ తొందరా లేకుండా అంచు పట్టుకుని, పాదాల మీదికి లాగి, నిమిరింది. అప్పుడు పడ్డాడు. మరమరాల చేటలో చెయ్యి పెట్టినవాళ్లు అలాగే ఆగిపోయారు. చప్పట్లు కొట్టాలని ఎవరికీ తోచలేదు. నేను ఏడుస్తున్నానని కరీముల్లా గారు రుమాలు ఇస్తేనే తెలిసింది.

లోపలికి వెళ్లేసరికి నరసింహం గారు కుర్చీలో కాళ్లు చాపుకుని ఉన్నారు. చెంపల మీద రంగు చారలు కట్టింది. నేను నమస్కారం పెట్టాను. వెనకాలే భద్రయ్య గారు వచ్చారు. కర్ర గోడకి ఆనించి, మూలుగుతూ కింద కూర్చుని, నరసింహం గారి కాలు ఒళ్లోకి తీసుకున్నారు.

"ఆఖరి గజ్జె అన్నావుగా. నేను విప్పుతా" అని ముడి వదులు చేశారు.

"ఉండవయ్యా" అన్నారు నరసింహం గారు. కాలు మాత్రం వెనక్కి తీసుకోలేదు. నావైపు తిరిగి, "అమ్మా, మీ గ్రీకుల్లో కాళ్లు సరిగా లేనివాడు ఎవడైనా ఉన్నాడా?" అని అడిగారు.

"ఉన్నాడండీ. ఏజెసిలాస్ అని, స్పార్టా రాజు. ఒక కాలు కుంటి. ఎనభై దాటాక కూడా సముద్రం దాటి యుద్ధానికి వెళ్లాడు."

"ఎనభై దాటాకా" అని, ఆయన తన మోకాళ్ల వంక చూసుకున్నారు.

భద్రయ్య గారు తలెత్తలేదు. "ఆయనకి జత ఎవరమ్మా, రోములో?" అన్నారు.

"పాంపే అనే సేనాపతండీ. చాలా గొప్పవాడు. చివరికి సీజర్ చేతిలో ఓడిపోయాడు."

భద్రయ్య గారు కాసేపు ఆ గజ్జెల తాడు వేళ్ల మధ్య పట్టుకుని కూర్చున్నారు. తర్వాత వదులు చేసిన ముడి మళ్లీ బిగించారు.

"అయితే ఆ వేషం నాది" అన్నారు.